నంబరుకూ ఒక ఊరు

ఏ మాటకైనా అర్థం నిఘంటువులోనే ఉంటుందని విద్యార్థులు తరచుగా భావిస్తుంటారు. నిజానికి నిఘంటువు చెప్పేది సగమే. మిగిలిన సగాన్ని ఆ మాట పలికిన చోటు, సమయం, సందర్భం నిర్ణయిస్తాయి. మన శాస్త్రకారులు ఈ విషయాన్ని బోధించడానికి తరతరాలుగా ‘సైంధవం’ అనే పదాన్ని ఉదాహరణగా చూపుతూ వచ్చారు. సింధుదేశంలో దొరికే ఉప్పుకూ అదే పేరు, ఆ దేశపు గుఱ్ఱానికీ అదే పేరు. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి సన్నద్ధుడైనవాడు తెమ్మంటే గుఱ్ఱాన్ని తేవాలి. సేవకుడు సందర్భం గ్రహించకపోతే విస్తరి ముందు గుఱ్ఱం సకిలిస్తుంది.

దూరవాణి సంఖ్య కూడా సైంధవం వంటిదే. స్వదేశంలో ఉన్నంతకాలం ఈ సంగతి మనకు తెలియదు. తెలియవలసిన అవసరమూ రాదు. 011 అనే మూడంకెలను తీసుకుందాం. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఈ అంకెలతో మొదలుపెడితే ఢిల్లీ నగరమని అర్థం. అవే అంకెలతో అమెరికాలో మొదలుపెడితే దేశపు ఎల్ల దాటి బయటికి పోవడానికి ద్వారం తెరవమని అర్థం. అంకెలు మారలేదు, వాటి క్రమం మారలేదు. మనం నిలిచిన నేల మారింది. యంత్రం మన ముఖం చూసి ఉద్దేశం గ్రహించలేదు. మనం నొక్కిన అంకెలను తానున్న దేశపు నియమం ప్రకారం చదువుకొని, ఆ చదువు చూపిన చోటికే మనలను చేరుస్తుంది.

విదేశానికి వెళ్లినవారు తమ భారతీయ సిమ్‌కార్డుతోనే అక్కడి నెట్‌వర్కును వాడుకొనే సౌకర్యాన్ని రోమింగ్ అంటున్నాం. చేతిలోనిది అదే ఫోను, అందులోని పేర్లు అవే, వేలికి అలవాటైన పది అంకెలు కూడా అవే. చిక్కు ఇక్కడే వస్తుంది. అమెరికాలో సైతం టెలిఫోను నంబరుకు పది అంకెలే. మన తెలుగునాట ఎందరికో 9848తో మొదలయ్యే సెల్‌ఫోను నంబర్లు ఉన్నాయి. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో రాలీ, డర్హమ్ నగరాల ప్రాంతానికి కేటాయించిన కోడ్‌లలో 984 ఒకటి. దేశసంకేతం లేకుండా ఆ పది అంకెలను అక్కడ నొక్కితే నెట్‌వర్కు దానిని తన దేశపు నంబరుగానే అర్థం చేసుకుంటుంది. గుంటూరులో నిద్రపోతున్న తండ్రికి చేరవలసిన పిలుపు రాలీలో ఎవరో అపరిచితుడి ఇంట మోగవచ్చు. గల్ఫ్ దేశాలలో ఇంత విచిత్రం జరగకపోవచ్చు. అక్కడ ఆ నంబరు వాడుకలో లేదని అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఒక యాంత్రిక స్వరం చెబుతుంది. ఆ రెండు భాషలూ రాని కూలీ, ఇంటివారి ఫోను చెడిపోయిందనో, డబ్బు కట్టక కనెక్షను తీసివేశారనో అనుకుని కలత చెందుతాడు. ఫోను చెడలేదు; చిరునామాలో దేశం పేరు లేదు, అంతే.

ఉత్తరాల కాలంలో ఈ జాగ్రత్త మనకు ఉండేది. విదేశానికి ఉత్తరం రాస్తూ దేశం పేరు రాయకుండా తపాలా పెట్టెలో వేసినవారు అరుదు. అయితే ఉత్తరం మీద చిరునామా చిన్న దానితో మొదలై పెద్ద దానితో ముగుస్తుంది: మనిషి, ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, చివరకు దేశం. టెలిఫోను నంబరు ఇందుకు విలోమంగా నడుస్తుంది. ముందు దేశం, తరువాత ప్రాంతం, ఆ తరువాత మనిషి. పూజ ఆరంభంలో చెప్పే సంకల్పం విన్నవారికి ఈ క్రమం కొత్తది కాదు. జంబూద్వీపంతో మొదలై, భరతవర్షం, భరతఖండం దాటి, శ్రీశైలానికి మనమే దిక్కున ఉన్నామో చెప్పుకొని, చివరకు సొంత ఇంటికి చేరుతాం. విశాలమైన దానిలో నుంచి ఇరుకైన దానిలోకి దిగడమే దాని పద్ధతి.

దూరవాణికి ఈ క్రమాన్ని ఏర్పరచినది జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్. 1865లో పారిస్‌లో తంతి సమాచారం కోసం పుట్టిన సంస్థ అది. ఈ.164 అనే దాని ప్రమాణం ప్రకారం ప్రపంచంలోని ఏ టెలిఫోను నంబరైనా దేశసంకేతంతో కలిపి 15 అంకెలకు మించరాదు. దేశసంకేతం ఒకటి నుంచి మూడంకెల వరకు ఉంటుంది. దాని మొదటి అంకె భూభాగాన్ని సూచిస్తుంది: అమెరికా, కెనడాలకు 1, ఆఫ్రికాకు ప్రధానంగా 2, ఐరోపాకు 3, 4, దక్షిణ అమెరికా వైపు 5, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాలకు 6. మనం 9వ మండలంలో ఉన్నాం. భారతదేశానికి 91, పాకిస్తానుకు 92, శ్రీలంకకు 94. గల్ఫ్ దేశాలలో కువైట్‌కు 965, సౌదీ అరేబియాకు 966, ఒమన్‌కు 968, సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌కు 971, ఖతార్‌కు 974. ఈ అంకెలన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. తనవారున్న దేశం సంకేతం తెలిస్తే చాలు. ఒక్కసారి మోగి ఆగిపోయే అపరిచిత విదేశీ పిలుపులకు తిరిగి ఫోను చేయించి, ఎక్కువ రుసుము గుంజే మోసాలు నేడు ఉన్నాయి కనుక, మొదటి అంకెలు చూసి పిలుపు ఏ దేశం నుంచి వచ్చినట్లు కనిపిస్తున్నదో పోల్చుకోగలగడం మరొక విధంగానూ మేలు.

ఇక సున్న సంగతి. చదువుకున్నవారు కూడా తడబడే చోటు ఇది. హైదరాబాదు ఎస్టీడీ కోడ్ ఎంత అని అడిగితే 040 అంటాం. విజయవాడకు 0866, కరీంనగర్‌కు 0878. వీటిలో మొదటి సున్న నిజానికి ఊరి కోడ్‌లో భాగం కాదు. పిలుపు ఊరి పొలిమేర దాటుతున్నదని ఎక్స్ఛేంజికి చెప్పే సంజ్ఞ మాత్రమే. హైదరాబాదు అసలు కోడ్ 40, కరీంనగర్‌ది 878. కాబట్టి విదేశం నుంచి పిలిచేటప్పుడు +91 తరువాత సున్న లేకుండా 40 అని నొక్కాలి. విద్యార్థులకు ఉత్వసంధి తెలుసు. ‘రాముడు’ ఒంటరిగా నిలిచినప్పుడు చివరి ఉకారం వినిపిస్తుంది. ‘అతడు’ పక్కన చేరగానే ‘రాముడతడు’ అవుతుంది, ఉకారం లోపిస్తుంది. దేశసంకేతం వచ్చి ముందు నిలవగానే సున్న లోపించడం అటువంటిదే. ‘+91 040’ అని రాయడం ‘రాముడుఅతడు’ అని రాయడం వంటిది. మన కార్యాలయాల పత్రాల మీద, దుకాణాల బోర్డుల మీద ఈ తప్పు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. చాలా నెట్‌వర్కులలో అటువంటి నంబరు కలవదు.

ఇతర దేశాలలోనూ ఈ లోపసంధి ఉంది. ఎమిరేట్స్‌లో 050తో మొదలయ్యే సెల్‌ఫోనుకు భారతదేశం నుంచి పిలవాలంటే +971 తరువాత 50 అనాలి. ఇంగ్లండువారు తమ నంబర్లను +44 అని రాసి, ఆ పక్కనే బ్రాకెట్లలో ఒక సున్న పెడుతుంటారు. లోపలివారు ఆ సున్నను నొక్కాలని, బయటివారు వదిలేయాలని వారి ఉద్దేశం. తెలియనివాడు బ్రాకెట్లను వదిలి సున్నను మాత్రం నొక్కుతాడు. ఇది మంచి రచనాపద్ధతి కాదని నా అభిప్రాయం. వ్యాకరణంలో ప్రతి నియమానికీ అపవాదం ఉన్నట్లే ఇక్కడా ఉంది. ఇటలీలో 1998 నుంచి స్థిరదూరవాణి నంబర్లలో సున్న నంబరులోనే భాగమైపోయింది. రోము నగరానికి +39 తరువాత 06 అని సున్నతోనే నొక్కాలి. కువైట్, ఖతార్ నంబర్లలో ఊరి కోడ్ లేదు, వదలడానికి సున్నా లేదు. దేశసంకేతం తరువాత ఎనిమిది అంకెలు వరుసగా నొక్కడమే.

ఇన్ని భేదాల మధ్య సెల్‌ఫోను మనకిచ్చిన అసలైన ఉపకారం చిన్న + గుర్తు. స్థిరదూరవాణి నుంచి దేశం దాటాలంటే ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క ద్వారం తట్టాలి: మన దేశంలో, గల్ఫ్‌లో, ఐరోపాలో 00, అమెరికాలో 011, జపానులో 010, ఆస్ట్రేలియాలో 0011. సెల్‌ఫోనులో ఈ బెడద లేదు. సున్న మీటను కొద్దిసేపు నొక్కిపట్టితే + వస్తుంది. మీటల ఫోన్లు కొన్నింటిలో నక్షత్రపు మీటను రెండుసార్లు నొక్కాలి. ఆ గుర్తు ముందుంటే, తరువాత వచ్చేది దేశసంకేతంతో కూడిన సంపూర్ణమైన నంబరని నెట్‌వర్కు గ్రహిస్తుంది; ద్వారం ఏదో తానే చూసుకుంటుంది. +91తో రాసిన నంబరు అనంతపురంలో నొక్కినా, అబుధాబిలో నొక్కినా, అట్లాంటాలో నొక్కినా ఒకే మనిషిని పిలుస్తుంది. సైంధవానికి నానార్థం తొలగి ఒకే అర్థం మిగిలిందన్నమాట.

ఒకప్పుడు ఈ వ్యాకరణమంతా మన తరఫున మరొకరు చదివేవారు. ట్రంకు కాల్ కాలంలో ఎక్స్ఛేంజిలోని ఆపరేటరుకు ఊరి పేరు, నంబరు చెప్పి గంటల తరబడి ఎదురుచూసేవారు. మన దేశంలో చందాదారు నేరుగా మరొక నగరానికి డయల్ చేసే సౌకర్యం 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. ఆ తరువాత చాలాకాలానికి వీధివీధినా పసుపు రంగు బోర్డులతో ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల నుంచి దుబాయికి, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లినవారి ఇల్లాళ్లు, తల్లులు చీటీ పట్టుకొని ఆ బూత్‌ల ముందు నిలిచిన రోజులు ఎందరికో గుర్తే. ఏ కోడ్ ముందు నొక్కాలో, ఏ సున్న వదలాలో బూత్ యజమానికి తెలుసు. ఆ బూత్ పోయింది, ఆపరేటరు పోయాడు. ఫోను మాత్రం ప్రతి చేతికీ వచ్చింది. ఆపరేటరు చేసిన పని మన పనిగా మారిందిగాని, అతనికి ఇచ్చిన శిక్షణ మనకెవరూ ఇవ్వలేదు. ఈ విషయాన్ని సాంకేతిక నిపుణులకు వదిలేయకుండా భాషాపాఠంలో చేర్చాలనడానికి కారణమిదే. చిరునామా రాయడం, ఉత్తరం రాయడం భాషాపాఠాలైనప్పుడు నంబరు రాయడం ఎందుకు కాకూడదు?

రోమింగ్ విషయంలో మరొక అపోహ బలంగా ఉంది. కుమారుడు సింగపూరు వెళ్లాడు కనుక, అతని భారతీయ నంబరుకు ముందు సింగపూరు సంకేతమైన 65 చేర్చాలని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. అలా చేర్చరాదు. మనిషి ప్రయాణం చేస్తాడుగాని నంబరు ఇల్లు మారదు. అతడు ఎక్కడ తిరుగుతున్నా ఆ నంబరు భారతదేశపు నంబరే. ఇంటి నుంచి పిలిచేవారు ఎప్పటివలెనే పిలవాలి. అతడెక్కడున్నదీ వెదికి పట్టుకొనే బాధ్యత అతని సొంత నెట్‌వర్కుది. విదేశానికి సాగే ఆ రెండవ దారికి రుసుము పడితే అది సాధారణంగా పిలుపు అందుకున్నవాడి లెక్కలో పడుతుంది.

ఇంతకంటె వింత ఇంకొకటి ఉంది. ఇద్దరు మిత్రులు తమ భారతీయ సిమ్‌లతో సింగపూరు వెళ్లి ఒకే హోటలులో పక్కపక్క గదులలో దిగారనుకుందాం. ఒకరినొకరు పిలుచుకోవాలన్నా +91 నొక్కవలసిందే. ఆ పిలుపు సాధారణంగా సముద్రం దాటి భారతదేశానికి వచ్చి, ఇక్కడ విచారణ జరిగి, మరల సముద్రం దాటి పక్కగదికి చేరుతుంది. గోడ మీద తట్టడం చవక.

నేటి తెలివైన ఫోన్లు ఈ దిద్దుబాట్లన్నీ తామే చేస్తాయి కదా, వాట్సాప్ ఉండగా నంబర్లు నొక్కేదెవరు అని యువకులు ప్రశ్నిస్తారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కొన్ని ఫోన్లు విదేశంలో ఉన్నప్పుడు దేశసంకేతాన్ని తామే చేరుస్తాయి. కాని అవి చేర్చేది ఊహించి. ఊహకు తావులేని విధంగా రాసిపెట్టుకోవడం మన చేతిలోని పని. వాట్సాప్ సైతం లోలోపల నంబరును సంపూర్ణ రూపంలోనే వాడుకుంటుంది. విదేశీ నంబరును దేశసంకేతం లేకుండా దాచుకుంటే ఆ మనిషి అందులో కనిపించడు. కొన్ని గల్ఫ్ దేశాలలో అంతర్జాలం ద్వారా చేసే కాల్స్‌పై పరిమితులు ఉంటూ వచ్చాయి కూడా. అన్నిటికంటె ముఖ్యంగా, ఈ సౌకర్యాలన్నీ మన ఫోను మన చేతిలో ప్రాణంతో ఉన్నంతవరకే. మొదటిసారి విమానమెక్కి కూతురి ప్రసవానికి డల్లాస్ వెళ్తున్న తల్లి, దోహాలో విమానం మారవలసిన చోట, ఫోనులో ఛార్జింగ్ అయిపోయి నిలబడిందని ఊహించండి. పక్కవారు దయతో తమ ఫోను చేతికిస్తారు. అప్పుడు ఆమెకు కావలసినది సంచిలోని కాగితం మీద + గుర్తుతో, దేశసంకేతంతో రాసిన నంబరు. అది ఉంటే ఆ ఫోను ఏ దేశానిదైనా ఫరవాలేదు. పది అంకెలే ఉంటే, ఆ పది ఏ దేశపువో చెప్పగల భాష కూడా ఆమెకు తెలిసి ఉండాలి.

ఆపదలో పిలిచే చిన్న నంబర్లకు ఈ నియమం వర్తించదు. ఐరోపా దేశాలంతటా 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. వీటిని + గాని దేశసంకేతం గాని లేకుండా ఉన్నవి ఉన్నట్లే నొక్కాలి. మన దేశంలో కూడా 2018 నుంచి దశలవారీగా 112 అమలులోకి వచ్చింది. అమెరికాలో హోటలు గది నుంచి ఇంటికి పిలిచేవారు బయటి లైనుకు 9 నొక్కి, ఆ వెంట 011 నొక్కే తొందరలో సున్నను వదిలితే అది 911 అవుతుంది. అలా జరిగితే భయపడి ఫోను పెట్టేయరాదు. పెట్టేస్తే ఏదో ప్రమాదం జరిగిందని వారు అనుమానిస్తారు. పొరపాటున నొక్కామని నిదానంగా చెబితే చాలు.

ఇందుకు మరొక వైపు ఉంది. దానిని ఎవరూ తలచుకోరు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఎన్నో ప్రాణాలను నిలిపింది. కాని ఆ మూడంకెలు దేశపు ఎల్ల దాటవు. పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లికి గుండెనొప్పి వచ్చిందని వీడియో కాల్‌లో కళ్లారా చూసిన కుమారుడు, డెట్రాయిట్ నుంచి +91 చేర్చి 108 నొక్కితే ప్రయోజనం ఉండదు. అతని వద్ద ఉండవలసినవి పక్కింటివారి నంబరు, ఊరి వైద్యుని నంబరు, దగ్గరి ఆసుపత్రి సాధారణ నంబరు. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు కూడా పరదేశం నుంచి చాలావరకు కలవవు. అందుచేత తమ గుమ్మం మీద ఉచిత నంబరు ఒక్కటే రాసుకున్న ఆసుపత్రి, విదేశంలో ఉన్న బిడ్డలకు తలుపు మూసినట్లే. ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు పరదేశంలో ఉన్న కాలంలో ఇది చిన్న లోపం కాదు. ఆసుపత్రులు, కళాశాలలు, పంచాయతీ కార్యాలయాలు తమ చీటీల మీద, బోర్డుల మీద +91తో సంపూర్ణమైన నంబరు ముద్రించాలని నేను గట్టిగా కోరుతాను. అదనంగా పట్టేది మూడు అక్షరాల చోటు. శుభలేఖల మీద నక్షత్రం, తిథి, లగ్నం, ఘడియలు సైతం తప్పులేకుండా ముద్రించే మనం, ఆ లేఖను కెనడాలో అందుకొనే మేనమామ ఏ నంబరుకు ఫోను చేయాలో మాత్రం అతని ఊహకు వదిలేస్తున్నాం.

ఒక్క నంబరైనా కంఠస్థం ఉండాలన్నది నా పట్టుదల. శతకపద్యాలు ధారణ చేసిన జాతికి పన్నెండంకెలు బరువు కావు. పైగా వాటిని తెలుగులో చదువుకుంటే ఒక లాభముంది. ఇంగ్లీషులో ‘ఫైవ్’, ‘నైన్’ అనే మాటలు ఫోనులో ఒకదానివలె మరొకటి వినబడతాయి. అందుకే విమానాలు నడిపేవారు ‘నైనర్’ అని ప్రత్యేకంగా పలుకుతారు. మన ‘ఐదు’, ‘తొమ్మిది’ మధ్య ఆ గందరగోళం రాదు. ‘మూడు’, ‘ఏడు’ అన్నప్పుడు మాత్రం మొదటి అక్షరాన్ని కొంచెం ఒత్తి పలకాలి.